ఆమేన్ అనగానే వదలాల్సిన కర్ర కార్లు

మాటతో చెట్టును మొలిపించి, దాని లోపల ఎవరి కంటా పడని చోట కూడా గీతలు తీర్చిదిద్దిన దేవునికి స్తోత్రం. లోకాన్ని చేసిన చేతులతోనే వడ్రంగి ఇంట్లో చిత్రిక పట్టిన నా ప్రభువుకు స్తోత్రం. చిన్నపిల్లలను తన దగ్గరికి రానిచ్చినవాడు, వాళ్లతో పాటు వాళ్ల రంపపు పొట్టునూ, జిగురు చేతులనూ, కీచులాటలనూ కూడా రానిచ్చాడు. ఆ ఓర్పుకు మరీ ఎక్కువ స్తోత్రం. అందులో రవ్వంత నాకూ ఇచ్చాడు కాబట్టే ఈ సంగతి నవ్వుతూ రాయగలుగుతున్నాను.

నేను టైలర్‌ని. జాకెట్లు, లంగాలు, బడి యూనిఫాంలు కుడతాను. ఆదివారం మాత్రం సండేస్కూలు టీచర్‌ని. ఖమ్మం వైపు పొలాలు అయిపోయి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఎండాకాలం సెలవుల్లో మా మందిరంలో పిల్లలకు వి.బి.ఎస్., అంటే సెలవుల బైబిలు బడి, జరుగుతుంది. పొద్దున్నే పాటలు, తర్వాత వాక్యం, ఆ తర్వాత చేతిపని. ఏళ్ల తరబడి చేతిపని అంటే అట్ట మీద దూది అతికించి గొర్రెపిల్లను చేయడమే. గొర్రెపిల్లంటే నాకు గౌరవమే గాని, ఒక్కో ఇంట్లో మంద తయారయ్యేసరికి తల్లులు నన్ను చూసి తప్పుకుని తిరగడం మొదలుపెట్టారు. అలాంటి రోజుల్లో ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎక్కడో పిల్లలు చిన్న చిన్న కర్ర కార్లు చేసి, వాలుగా పెట్టిన చెక్క మీద పందెం వేస్తున్నారు. ఇంజను లేదు, బ్యాటరీ లేదు. పైనుంచి వదిలితే కిందికి రావాలి, అంతే. ఇది మా పిల్లల కోసమే పంపిన చేతిపని అనుకున్నాను.

మా అన్నకు వైరాలో తలుపులు చేసే షాపు ఉంది. తలుపుకు తాళం బిగించడానికి మిషన్‌తో పెద్ద రంధ్రం వేసినప్పుడు గుండ్రటి చెక్క బిళ్ల ఒకటి ఊడిపడుతుంది. దానికి సరిగ్గా నడిమధ్యలో చిన్న బెజ్జం కూడా ఉంటుంది. ఇంతకంటే తయారుగా ఉన్న చక్రం లోకంలో దొరకదు. అన్న వాటిని పొయ్యిలోకి పంపుతుండేవాడు. నేను వెళ్లి ఆ బిళ్లలు, వాటితో పాటు పనికిరాని చెక్క ముక్కలు సంచి నిండా నింపుకుని బస్సెక్కాను. మచ్చుకు ఒక కారు అన్నే చేసి పైన పెట్టాడు.

అడవి దగ్గర చెక్‌పోస్టు ఉంటుందన్న సంగతి, బస్సు ఆగి గార్డు లోపలికి ఎక్కేదాకా నాకు గుర్తు రాలేదు.

"ఏందమ్మా సంచిల?" అన్నాడు ఆయన.

"కార్లు సార్."

బస్సంతా వెనక్కి తిరిగింది.

"కార్లా?"

"అవ్ సార్. ఇంక చెయ్యలే. చేస్తే కార్లయితయ్."

ఆయన సంచిలో చెయ్యి పెట్టి ఒక బిళ్ల తీసి వాసన చూశాడు. "టేకా?"

"కాదు సార్. తలుపు కడుపులది."

ఇలా లాభం లేదని మచ్చు కారు తీసి చూపించాను. ఆయన దాన్ని డ్రైవర్ పక్కనున్న ఇంజను మూత మీద పెట్టి వేలితో చిన్నగా తోశాడు. అది బుద్ధిగా పరుగెత్తి కండక్టర్ ఒళ్లో పడింది. గార్డు ముఖంలో గవర్నమెంటు మాయమైపోయింది. "మా పిల్లగానికి గిట్లాంటిది ఎట్ల చెయ్యాలె?" అని అడిగాడు. నేను ఇరుసు దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. కండక్టర్ రెండుసార్లు విజిల్ వేశాడు, ఆ తర్వాత ఆయన కూడా వచ్చి విన్నాడు.

అది పోయిన సంవత్సరం సంగతి. అప్పటి నుంచి మా మందిరం వరండా ఎండాకాలమంతా రంపపు పొట్టుతో ఉంటుంది. కారు ఒళ్లంతా ఒక్కటే చెక్క ముక్క. దాన్ని కోసి, సాండ్‌పేపర్‌తో రుద్ది, అడుగున అడ్డంగా రెండు రంధ్రాలు వేస్తాం. ఇరుసులకు గుండ్రటి పెన్సిళ్లు. సండేస్కూల్లో పెన్సిళ్లకు కరువు లేదు, చెక్కేవాళ్లకే కరువు. పెన్సిల్ చివరలకు బిళ్లలు బిగించి జిగురు పెడితే కారు నిలబడుతుంది. నిలబడటం సులువే, కదలడమే కష్టం.

చక్రం బాగా తిరుగుతుందో లేదో తెలుసుకోవడానికి మేం ఒక కొలత కనిపెట్టాం. కారును తలకిందులుగా పట్టుకుని, చక్రాన్ని వేలితో తిప్పి, పాట అందుకోవాలి. పల్లవి అయ్యేదాకా తిరిగితే మంచి బండి. చరణంలోకి వెళ్లిందంటే కృప. కొందరు పల్లవిని ఎక్స్‌ప్రెస్ రైల్లా లాగించేస్తున్నారని గొడవ రావడంతో పాట టీచరే పాడాలని తీర్మానించుకున్నాం. రెండు ఇరుసులు ఒకదానికొకటి సమానంగా లేకపోతే కారు ఒక పక్కకు ఒరిగి అంచును రాసుకుంటూ ఆగిపోతుంది. మా పాస్టరు గారు, మేమంతా అయ్యగారు అంటాం, ఒకరోజు ఆ తంతు నిలబడి చూశారు. "సంఘంల పెద్దలు చెరో దిక్కు చూసినా గిట్లనే అయితది" అన్నారు, పెద్దలకు వినబడేలా.

అసలు సంగతి మా బిడ్డది. దానికి పదేళ్లు. పోయిన సంవత్సరం సంఘమంతా చూస్తుండగా దాని కారు చెక్క మధ్యలో ఆగి, అక్కడే కాపురం పెట్టింది. జాలిపడి ఎవరో చప్పట్లు కొట్టారు. అది ఇంకా ఘోరం. ఎదురింటి పిల్లవాడు, దానితో పాటే చదివేవాడు, ఆ సాయంత్రమే పేరు పెట్టేశాడు. అప్పటి నుంచి మా బిడ్డ వీధిలో నడిస్తే, "ఏయ్ జరగండి, బ్రేకొస్తుంది" అనేవాడు. బడిలో బ్రేకు, బోరింగు దగ్గర బ్రేకు, ఆఖరికి క్రిస్మస్ నాటకంలో దేవదూత రెక్కలు కట్టుకుని నిలబడితే కూడా బ్రేకే.

"ఈసారి నా బండి కింద చాపను ముట్టాలె. గంతే" అంది నాతో. పందెం చెక్కల చివర్లో కార్లు కింద పడకుండా చాప చుట్టి పెడతాం.

"ఫస్టు రావాలె అను."

"ఫస్టు వద్దు. ముట్టాలె."

"ముట్టకపోతే?"

"చర్చికి వెనక డోర్ నుంచి వస్త, వెనక డోర్ నుంచే పోత. పెండ్లయినాంక గూడ."

ఇంట్లో కుటుంబ ప్రార్థనలో కూడా అదే. వాళ్ల నాయనమ్మ మోకాళ్ల నొప్పుల కంటే ముందు కారు, వర్షాల కంటే ముందు కారు. దేవుడు పొరపాటు పడకుండా రంగు కూడా చెప్పేది. నీలం.

నా చేతులు కట్టేసినట్టయింది. టీచర్ కూతురి కారు టీచరే చేసిందంటారని నేను పిల్లలందరి ముందూ మాటిచ్చాను, దాని కారును వేలితో కూడా ముట్టనని. ఎదురింటివాడు "చూపుతో గూడ చెయ్యొద్దక్కా" అన్నాడు. దానికీ ఒప్పుకున్నాను. అందుకే అది రంధ్రం వంకరగా వేస్తుంటే నేను గోడ వైపు తిరిగి దగ్గేదాన్ని. దగ్గు అర్థమై అది సరిచేసుకునేది. దగ్గు గురించి ఒప్పందంలో ఏమీ లేదు.

పందేనికి కొద్ది రోజుల ముందు దాని కారు పల్లవి దాటింది. ఇంట్లో పండగైంది. మర్నాడు చూస్తే మొదటి మాట దగ్గరే చక్రం ఆగిపోయింది. ఇంకోసారి తిప్పాం. నేను నోరు తెరిచేలోపే ఆగింది. అది ఏడుపు మొదలుపెట్టింది. నేను మాట తప్పకుండా, చేతులు వెనక్కి కట్టుకుని ముక్కుతో దగ్గరగా పరీక్షించాను. కారు నుంచి తెలిసిన వాసన. ప్రతి ఆదివారం ఆరాధన చివర్లో వచ్చే వాసన.

"ఏం పూసినవే?"

కారును వీపు వెనక దాచుకుంది.

"బిడ్డా, ఏం పూసినవ్?"

"ప్రార్థన నూనె."

రోగుల నుదుట పూసి ప్రార్థించడానికి అయ్యగారు బల్ల మీద సీసాలో ఉంచే నూనె అది. మా బిడ్డ దాన్ని దూదితో తెచ్చి, నాలుగు చక్రాల మీద చెయ్యి పెట్టి, పేరు పేరునా ప్రార్థన చేసి, ఇరుసుల్లోకి ధారాళంగా పోసింది. దాని విశ్వాసంలో లోపం లేదు. కానీ నూనె, రంపపు పొట్టు కలిసి ముద్దై పెన్సిళ్లను పట్టేశాయి. లోపలి చెక్క కూడా నూనె తాగి ఉబ్బింది.

అయ్యగారి దగ్గరికి తీసుకెళ్లి చెప్పించాను. ఆయన సీసా ఎత్తి వెలుతురులో చూశారు. "ఈ వారం రోగులు లేరు గదా, నూనె ఎట్ల తగ్గిందా అనుకుంటున్న" అన్నారు. తర్వాత దాన్ని దగ్గరికి తీసుకుని, "అభిషేకం మనుషులకు బిడ్డా. పెన్సిల్‌కు ఏం జబ్బు చేసిందని?" అన్నారు.

"నడుస్తలేదు గదయ్యగారూ."

"నడవనోళ్లకు నూనె పుయ్యాలె అన్నది నేనే గదా" అని ఆయన నా వైపు చూసి నవ్వారు. "తప్పు నాదే."

నూనె తాగిన పెన్సిళ్లను తీసిపారేసి, రంధ్రాలను బట్టతో తుడిచి, మా బిడ్డ కారును ఒకరోజంతా ఎండలో పెట్టింది. క్యారంబోర్డు ఆడేటప్పుడు పౌడరు చల్లితే బిళ్లలు ఎలా జారతాయో దానికే గుర్తొచ్చింది. కొత్త పెన్సిళ్లు బిగించి, ముఖానికి రాసుకునే పౌడరు ఇరుసుల్లోకి ఊదింది. కారు పల్లవి దాటి చరణంలోకి వెళ్లింది. కదిలినంత మేరా తెల్లటి గీత, పెళ్లికి వెళ్తున్నట్టు వాసన.

పందెం రోజు వచ్చింది. మందిరం మీద గది కట్టడానికి తెచ్చిన సెంట్రింగు చెక్కలను పక్కపక్కన పేర్చి, పైకొసను కుర్చీల మీదికి ఎత్తాం. పొడవు చాలక, మధ్యలో ఇంకో వరుస చెక్కలను అతికించాం. ఆ అతుకు దగ్గర కారు కొంచెం ఎగురుతుంది. పై కొసలో కార్లకు అడ్డంగా ఒక కర్ర. దాన్ని లేపితే అన్నీ ఒకేసారి కదులుతాయి. కర్ర పట్టుకునే పని అయ్యగారి చిన్న కూతురికి ఇచ్చాం, ఎందుకంటే చెప్పిన మాట చెప్పినట్టు వినే పిల్ల మా సండేస్కూల్లో అదొక్కతే. దానికి మేం చెప్పిన మాట ఇది: "నాయన ప్రార్థన చేస్తడు. ఆమేన్ వినబడంగనే కర్ర లేపు."

ఇందులో పొరపాటు ఎక్కడుందో మా సంఘంలో ఒక్క ఆదివారం కూర్చున్నవాళ్లెవరైనా చెబుతారు. మాకు మాత్రం తట్టలేదు. ముందు వరుసలో ఒక అవ్వ కూర్చుంటుంది. అయ్యగారి ప్రార్థన ఎంత పొడుగో, అందులో అవ్వ ఆమేన్లు అన్ని. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆమె ఒక ఆమేన్ అందిస్తుంది. ఆ ఆసరా లేకపోతే ఆయనకే తర్వాతి మాట దొరకదు. మేం ఎంత అలవాటు పడ్డామంటే, గోడ గడియారం చప్పుడులాగా, ఆ ఆమేన్లు మా చెవులకు వినబడటమే మానేశాయి.

చీట్లు తీస్తే మొదటి పందెంలో నాలుగు కార్లు వచ్చాయి. మా బిడ్డ నీలం కారు, దాని పక్కనే ఎదురింటివాడి ఎర్ర కారు. అందరం కళ్లు మూసుకున్నాం. అయ్యగారు మొదలుపెట్టారు. వర్షాలు అడిగారు. మిరప రైతులను జ్ఞాపకం చేసుకున్నారు. బీడీ ఆకు కోతకు అడవిలోకి వెళ్లినవాళ్లను పాముల నుంచి, ఎండ నుంచి కాపాడమన్నారు. ఆ రోజు అవ్వ గొంతు బాగాలేదో ఏమో, అప్పటిదాకా సద్దు లేదు. "ఈ చిన్నబిడ్డలను దీవించు తండ్రీ" అన్నారు అయ్యగారు.

"ఆమేన్!" అంది అవ్వ.

టక్కుమని కర్ర లేచింది. గరగరమని చెక్కల మీద చక్రాలు దొర్లిన చప్పుడు. నా బిడ్డ కారు వెళ్తోంది. నాకు తెలుసు. ఏడాది పొడుగునా పిల్లలకు నేర్పింది నేను, ప్రార్థన ముగిసేదాకా కళ్లు తెరవకూడదని. రెప్పలు ఎంత గట్టిగా బిగించానంటే నుదురు నొప్పి పుట్టింది. ధడ్, ధడ్, ధడ్. కాసేపటికి ఇంకో ధడ్. అయ్యగారు ఆగిపోయారు.

కళ్లు తెరిచేసరికి నాలుగు కార్లూ కింద చాపను ఆనుకుని ఉన్నాయి. నీలం కూడా. మా బిడ్డ రెండు చేతులతో నోరు మూసుకుని గెంతుతోంది.

"ముట్టింది! నాది ముట్టింది!"

"ముట్టలే!" అరిచాడు ఎదురింటివాడు. "బ్రేకు బండి ఎట్ల ముట్టుద్ది? అందరు ప్రార్థనల ఉంటే ఈమెనే చేత్తో దించి పెట్టింది."

"నేను కదల్లే! నేను చూసిన, దానంతట అదే పోయింది!"

"అంటే ప్రార్థనల కళ్లు తెరిచినవన్నమాట."

"అవ్, తెరిచిన" అంది ఏడుపు గొంతుతో. "నా బండి గదా."

అయ్యగారు సంఘం వైపు తిరిగారు. "బండి దానంతట అదే వచ్చిందని ఇంకెవరన్న చూసిండ్రా?"

పిల్లలంతా తలలెత్తి ఫ్యాన్లను చూస్తున్నారు. చూశానని సాక్ష్యం చెబితే, ఆ సాక్ష్యం ముందు తమ మీదే పడుతుంది. మా బిడ్డ నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నువ్వు చూసినవ్ గదా?"

"లేదు బిడ్డా."

"నిజంగనే మూసుకున్నవా?" అంది. అంత నమ్మకద్రోహం నా నుంచి ఎదురుచూడలేదన్నట్టు.

అప్పుడు ముందు వరుసలో అవ్వ చెయ్యెత్తింది. "పిల్ల ముట్టలే. బండే ముట్టింది. నేను చూసిన."

"అవ్వా, నువ్వు కళ్లు మూసుకోలేదా?" అన్నారు అయ్యగారు.

"మొన్ననే గదయ్యా కన్ను ఆపరేషనయింది. ఇన్నేండ్లు పొగల చూసినట్టు చూసిన. దేవుడు కొత్త కన్నిస్తే మూసుకొని కూసుంటనా?"

"అవ్వకు గంత దూరం కనబడదు" అన్నాడు ఎదురింటివాడు పట్టు వదలకుండా. "చెక్కల అతుకు కాడ ఆగింది. నేను మంచిగ చూసిన."

వాడు అన్న మాట వాడికే కొంచెం ఆలస్యంగా చేరింది.

"మంచిగ చూసినవా?" అన్నారు అయ్యగారు మెల్లగా.

"కొద్దిగ చూసిన."

"కొద్దిగ చూస్తే ఏం కనబడ్డది?"

"ఆగినట్టు కొద్దిగ..." వాడు చొక్కా అంచు నలుపుకున్నాడు. "మళ్ల పోయినట్టు కొద్దిగ."

"ఆగలేదయ్యగారూ" అని మగవాళ్ల వైపు నుంచి ఒక గొంతు. "అతుకు కాడ ముక్కు లేపి ఊగింది, గంతే. ఊగి దిగింది." మాట్లాడింది సంఘ పెద్దల్లో ఒకరు. పక్కనున్న పెద్ద తల పట్టుకున్నారు.

"మూడోది వచ్చింది నీలందే గదనే?" అంది ఆడవాళ్లలో ఎవరో.

"రెండోది! ఎర్రదానికి జరంత ముంగట..." అని ఇంకొకామె అందుకుని, చెంగు నోట్లో కుక్కుకుంది.

ఇక ఆగలేదు. ఒకరు అతుకు దగ్గర సంగతి చెబితే ఒకరు పౌడరు గీత సంగతి చెప్పారు. రెండోదా మూడోదా అని రెండు వర్గాలయ్యాయి. చివరికి లెక్క తేలిందేమంటే, ఆ ఉదయం మా మందిరంలో కళ్లు మూసుకున్నది నేను, కర్ర పట్టుకున్న చిన్నది, ఇద్దరమే. అయ్యగారిని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కాని, "మూడోదే" అని ఆయన తన భార్యతో గొణగడం నేను విన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ప్రార్థన సగంలనే ఉంది. ముందు దాన్ని ముగిద్దాం. తర్వాత పందెం మళ్ల పెడదాం. ఈసారి ఈల వేస్తం." అందరం కళ్లు మూసుకున్నాం. అంత పొడుగు ప్రార్థన మా సంఘం అంతకు ముందు ఎరగదు. మధ్యలో ఆయన రెండుసార్లు ఆగి చుట్టూ చూసినట్టు నాకు అనిపించింది.

ముగిశాక మిగతా ముగ్గురూ కార్లు పైకి మోసుకెళ్లారు. మా బిడ్డ మాత్రం నీలం కారును గుండెకు హత్తుకుని కూర్చుంది.

"పెట్టు బిడ్డా, ఈసారి ఫస్టే రావొచ్చు" అన్నారు అయ్యగారు.

"వద్దయ్యగారూ. ముట్టాలె అని అడిగిన, ముట్టింది. అందరు చూసిండ్రు గూడ. దేవునికి మళ్ల పని చెప్పుడు ఎందుకు?"

ఎదురింటివాడు పైనుంచి, "ఏయ్ బ్రేకూ, పెట్టకపోతే కర్రన్న పట్టుకో, జల్దీ" అని అరిచాడు. చిన్నది భయపడి కర్రను వదిలేసి వాళ్లమ్మ ఒళ్లో దాక్కుంది మరి.

"ఏంది, వస్తున్న గదా" అంటూ మా బిడ్డ లేచి వెళ్లింది. ఆ పేరుకు అంత మామూలుగా పలకడం నేను మొదటిసారి విన్నాను. కారును చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో కర్ర పట్టుకుని, ఈల కోసం కళ్లు ఇంతలేసి చేసుకుని నిలబడింది.

ఇది చదువుతున్న మీరు ఏ ఊళ్లో ఉన్నా, కాసేపు చేతిలో పని పక్కన పెట్టి మాతో కలిసి ప్రార్థించండి. వాలు మధ్యలో ఆగిపోయి, నలుగురి నోట్లో పడి, వెనక తలుపు వెతుక్కుంటున్న పిల్లలందరినీ ప్రభువు కిందిదాకా చేర్చాలని అడుగుదాం. చేరాక, అడిగింది దొరికిందని ఊరుకునే మనసు వాళ్లకు ఉన్నట్టే మనకూ ఇవ్వమని అడుగుదాం. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే పేరు పెట్టి అడగండి. కావాలంటే రంగు కూడా చెప్పండి, ఆయన వింటాడు.